తైవాన్‌లో ఏ కొండబాట మంచిది? ముందు ఏ నెలలో వెళ్తున్నారో చూసుకోండి

సెప్టెంబరులో పరిశోధన కోసం తైవాన్ చేరబోతున్నాననీ, కొండలెక్కడం ఇష్టమనీ, అక్కడ ఉన్నవాళ్లకు బాగా నచ్చిన బాటలేవో చెప్పమనీ అడిగారు. నేను షిన్చు నగరంలో ఆరేళ్లు పీహెచ్‌డీ చేశాను. ఆ ఆరేళ్లలో దాదాపు నెలకొక కొండ ఎక్కాను. ఎత్తును బట్టి జాబితా రాసివ్వడం తేలికే గానీ, అలాంటి జాబితానే పట్టుకుని తిరిగిన నా మొదటి ఏడాది సగం వానలో, సగం మబ్బులో గడిచిపోయింది. అందువల్ల బాటల పేర్ల కంటే ముందు వానల సంగతి చెప్పాలి.

ఈ ద్వీపం పొడవు 400 కిలోమీటర్లకు లోపే. కర్కటరేఖ దాని నడుమగా, చియాయి నగరం పక్క నుంచి పోతుంది. ఇంత చిన్న నేల మీద 3000 మీటర్లు దాటిన శిఖరాలు 260కి పైగా ఉన్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తైన కొండ 1700 మీటర్లకు లోపే ఉంటుందని గుర్తు చేసుకుంటే ఆ తేడా తెలుస్తుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి ప్రహరీగోడలా నిలబడిన ఈ పర్వతాలకు చలికాలంలో ఈశాన్యపు గాలి వచ్చి తగులుతుంది. కార్తీకంలో మన నెల్లూరు వైపు వాన తెచ్చే గాలులకు ఇవి జ్ఞాతులనుకోవచ్చు. దాంతో ఈశాన్యం మూలనున్న కీలుంగ్, ఈలాన్ ప్రాంతాలు రోజుల తరబడి తడుస్తుంటే, అదే వేళ గోడకు ఇవతల, నడిమి భాగంలోనూ దక్షిణంలోనూ ఎండ కాస్తుంది. మే, జూన్ నెలల్లో ముసురు, జులై నుంచి సెప్టెంబరు దాకా తుఫానుల భయం. కాబట్టి ఎత్తైన కొండలకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు అనువైన కాలం; తక్కిన నెలల్లో చిన్న కొండలతో సరిపెట్టుకోవడం మంచిది.

నేను అన్నిటికంటే ఎక్కువసార్లు నడిచినది షిన్చు, మియావోలీ జిల్లాల సరిహద్దులోని షీతౌషాన్ పాతబాట. షీతౌషాన్ అంటే సింహపు తల కొండ అని అర్థం. మా ల్యాబ్‌లోని తైవాన్ మిత్రుడు ఆ అర్థం చెప్పగానే నాకు సింహాచలమే తోచింది. వెళ్లి చూస్తే ఆ తోచడం అంత తప్పు కాదనిపించింది. కొండ ఎత్తు 500 మీటర్లు కూడా లేదు. రాతి మెట్ల బాట నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. బాట పొడవునా గుహల్లోకి ఒదిగి కట్టిన బౌద్ధ, తావో ఆలయాలు వస్తాయి. అలిపిరి మెట్లెక్కిన కాళ్లకు ఇది లెక్కలోది కాదు. మియావోలీ వైపు దిగేటప్పుడు వచ్చే ఛ్వాన్‌హ్వా ఆలయంలో శాకాహార భోజనం దొరుకుతుంది. మాంసం కలవని కూర కోసం వారమంతా వెతుక్కునే నాబోటివారికి ఆ భోజనమే సగం ఆకర్షణ. ఏప్రిల్ చివర్లో వెళితే తుంగ్ చెట్ల తెల్లని పూలు మెట్ల మీద పారిజాతాల్లా రాలి ఉంటాయి. హక్కా అనే చైనీయ జాతివారు ఉండే అక్కడి ఊళ్లలో ఈ పూలను మే నెల మంచు అంటారు.

నవంబరులో మాత్రం ఎవరు అడిగినా త్సావోలింగ్ పాతబాట పేరే చెబుతాను. నా మాట ప్రకారం ఈశాన్యం మూల ఆ నెలలో తడుస్తూ ఉండాలి, నిజమే. అయినా వెళ్లమంటాను, ఎందుకంటే ఆ బాట కథంతా గాలీ వానాదే. తైపే వైపు నుంచి ఈలాన్ మైదానానికి కొండ దాటి వెళ్లేందుకు పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో వాడుకలోకి వచ్చిన దారి ఇది. 1924లో సొరంగం తవ్వి రైలు వేశాక దీని అవసరం తీరిపోయింది. ఫులుంగ్ స్టేషన్‌లో దిగి, పొలాల మధ్య కొంత రోడ్డు మీద నడిచి, వాగు పక్కగా ఎక్కి, కనుమ దాటి, అవతల దాలీ స్టేషన్‌లో మళ్లీ రైలెక్కవచ్చు. బాట ఎనిమిదిన్నర కిలోమీటర్లు. తాపీగా నడిస్తే నాలుగు గంటలు పడుతుంది. స్టేషన్ ముందు అమ్మే అన్నం డబ్బాలకు ఫులుంగ్‌లో పెద్ద పేరుంది గానీ అందులో పంది మాంసం ఉంటుంది కనుక, శాకాహారులు తమ తిండి వెంట తెచ్చుకోవాలి.

కనుమకు కాస్త ముందు, బాట పక్కనే ఒక బండ మీద గొలుసుకట్టు రాతలో చెక్కిన పెద్ద చైనా అక్షరం ఒకటి కనిపిస్తుంది. అది పులి అనే అక్షరం. 1867లో లియు మింగ్‌డెంగ్ అనే సేనాధిపతి ఈ దారిన వెళ్తూ, ఇక్కడి గాలికి ముందుకు కదలలేక, దాన్ని అణచడానికి ఈ అక్షరం చెక్కించాడంటారు. మబ్బు డ్రాగన్ వెంట, గాలి పులి వెంట పోతాయని చైనా ప్రాచీన గ్రంథం యీజింగ్‌లో ఉన్న మాటే దానికి ఆధారం. కుంచె లేకపోతే పక్కనున్న గడ్డికంకులు కోసి వాటితోనే రాశాడని కూడా చెప్పుకుంటారు. నేను మొదటిసారి వెళ్లిన రోజు ఆ గడ్డి కొండంతా పూసి ఉంది. మన రెల్లుకు దగ్గరి చుట్టంలా ఉంటుంది. వెండి రంగు కంకులన్నీ దువ్వెనతో దువ్వినట్టు ఒకే పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి. పులి అక్షరం దగ్గర ఎదురుబండకు వీపు ఆనించి పులిహోర డబ్బా మూత తీశాను. మూత చేతిలోంచి ఎగిరి లోయలో పడింది. నూట యాభై ఏళ్లుగా పులి కాపలా కాస్తున్నా గాలి అణగలేదని అప్పుడు అర్థమైంది. ఇంకో పది నిమిషాలు ఎక్కితే కనుమ వస్తుంది. అక్కడ ఒక్కసారిగా కింద పసిఫిక్ సముద్రం, దానిలో తాబేలు ఆకారపు గ్వీషాన్ ద్వీపం కనిపిస్తాయి. మబ్బు పట్టి ఉంటే అవేవీ కనిపించవు. నాకు నాలుగుసార్లలో రెండుసార్లే కనిపించాయి.

ఎత్తైన కొండల్లో ఒక్కటే ఎక్కే వీలుంటే యూషాన్ కాక షుయెషాన్ ఎక్కమంటాను. దీనిమీద అక్కడి మిత్రులు నాతో ఇప్పటికీ వాదిస్తారు. 3952 మీటర్ల యూషాన్ ద్వీపంలో అన్నిటికంటే ఎత్తైనది. తమ ఫూజీ కొండ కంటే ఎత్తు అని తేలాక, అప్పట్లో తైవాన్‌ను ఏలుతున్న జపాన్ పాలకులు దానికి కొత్త ఎత్తైన కొండ అనే అర్థంలో నీతాకా అని పేరు పెట్టారు. తాతాజ్యా నుంచి బాట చక్కగా ఉంటుంది. ఎనిమిదిన్నర కిలోమీటర్ల దూరంలో, 3402 మీటర్ల ఎత్తున ఉన్న పాయ్‌యున్ లాడ్జిలో రాత్రి పడుకుని, తెల్లవారుజామున లేచి మిగతా 2.4 కిలోమీటర్లు గొలుసులు పట్టుకుని ఎక్కాలి. అయితే లాడ్జిలో పడకలు 116 మాత్రమే కావడంతో లాటరీ తీస్తారు. నాకు ఐదో దరఖాస్తుకు వచ్చింది. తీరా పైకి చేరాక, శిఖరం పేరు చెక్కిన రాయి పక్కన ఫోటో కోసం వరుసలో నిలబడి, సూర్యోదయాన్ని ముందువాళ్ల తలల మధ్య నుంచి చూశాను. వెళ్లినందుకు బాధ లేదు. మళ్లీ వెళ్లాలన్న కోరికా లేదు.

షుయెషాన్ అంటే మంచుకొండ. ఎత్తు 3886 మీటర్లు, అంటే తైవాన్‌లో రెండోది. వూలింగ్ వ్యవసాయ క్షేత్రం మీద, 2140 మీటర్ల దగ్గర మొదలయ్యే తూర్పు బాటలో శిఖరం దాకా 10.9 కిలోమీటర్లు నడవాలి. ఏడుపు వాలు అని పేరుపడ్డ నిటారు ఎక్కుడు ఒకటి నాలుగో కిలోమీటరు దరిదాపుల్లో వస్తుంది. నేను ఏడవలేదు గానీ, ఎదురొచ్చిన ప్రతివారూ “జ్యా యో, ఇక వచ్చేసినట్టే” అనడంతో ఏడుపు దాకా వచ్చాను. జ్యా యో అంటే నూనె పొయ్యండి అని; అక్కడ హుషారు చేయడానికి వాడే మాట. వచ్చేసినట్టే అన్న మాటను మాత్రం మన పల్లెల్లో కూతవేటు దూరం అన్నట్టుగానే తీసుకోవాలి, కనీసం గంట నడక ఉంటుంది. ఏడో కిలోమీటరు దగ్గర 369 అనే బస వస్తుంది. దాని చుట్టూ గడ్డివాలు, ఎదురుగా వరుస శిఖరాలు. అక్కడ అన్నం పప్పు వండుకుందామని గ్యాస్ పొయ్యి, కందిపప్పు మోసుకెళ్లాను. మూడు వేల మీటర్ల పైన నీళ్లు తొంభై డిగ్రీలకే మరుగుతాయన్న సంగతి భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్న నాకు గంటసేపు పప్పు ఉడకకపోతే గానీ గుర్తు రాలేదు. పక్కన ఉన్న పెద్దాయన ఒకరు నూడుల్స్ డబ్బా చేతికిచ్చి, నా గిన్నెలోకి తొంగిచూసి, మాట్లాడకుండా వెళ్లిపోయారు.

రెండో రోజు చీకటితో లేచి నడిస్తే నల్ల అడవి వస్తుంది. తైవాన్ ఫర్ చెట్లు ఎంత దగ్గరదగ్గరగా ఉంటాయంటే తలదీపం వెలుగు పది అడుగులు దాటదు. కాళ్ల కింద ఆకుల మెత్తదనం తప్ప శబ్దమే ఉండదు. ఆ అడవి అంచున, తెల్లవారుతుండగా, నీలిమ కలిసిన నలుపు ఒళ్లు, తెల్లని చారల పొడవైన తోక ఉన్న పక్షి ఒకటి బాట మీదికి వచ్చి, నన్ను పట్టించుకోకుండా ఏదో ఏరుకుని తిని, నెమ్మదిగా పొదల్లోకి వెళ్లింది. జేబులోంచి వెయ్యి తైవాన్ డాలర్ల నోటు తీసి చూస్తే వెనకవైపు అదే మికాడో ఫెజెంట్, దాని వెనక యూషాన్ ఉన్నాయి. ఐదు వందల నోటు మీద దాబాజియన్ శిఖరం ఉంటుంది. షుయెషాన్ నుంచి ఉత్తరంగా సాగే పవిత్ర శిఖరశ్రేణి చివర అది పీపాలా నిలబడి కనిపిస్తుంది. అడవి దాటాక హిమానీనదం తొలిచిన పెద్ద గిన్నెలాంటి లోయ, దాని వాలు మీద గాలికి మెలితిరిగిన జునిపర్ చెట్లు, ఆపైన శిఖరం వస్తాయి. ఆ రోజు పైన మేం తొమ్మిది మందిమే ఉన్నాం. పాత 369 బస స్థానంలో కొత్తది కట్టే పని చేపట్టారు కాబట్టి, ప్రస్తుతం రాత్రి ఎక్కడ ఉండనిస్తున్నారో షేయ్-పా జాతీయ ఉద్యానవనం వెబ్‌సైటులో చూసుకోండి. జనవరి నుంచి మార్చి వరకు మంచు పడే కాలంలో క్రాంపాన్లు (బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్లు), మంచుగొడ్డలి వాడడం తెలియనివారు అటు వెళ్లకూడదు.

అంత నడక వద్దు, మూడు వేల మీటర్ల ఎత్తు మాత్రం చూడాలనుకుంటే హెహ్వాన్‌షాన్ ఉంది. అక్కడ వూలింగ్ కనుమ దాకా (ఇందాకటి వ్యవసాయ క్షేత్రం వేరు, ఇది వేరు), అంటే 3275 మీటర్ల దాకా, తారు రోడ్డే ఉంది. పక్కనున్న షిమెన్‌షాన్ శిఖరాన్ని అరగంటలో ఎక్కవచ్చు. తేలికని నేను చేసిన తప్పు మీరు చేయకండి. సముద్రమట్టం నుంచి కారులో ఒకే ఉదయం పైకి వెళ్లి దిగగానే తల పగిలేంత నొప్పి, వాంతి మొదలయ్యాయి. మిత్రులు ట్రిప్పు మానుకుని నన్ను ఛింగ్‌జింగ్ దాకా దింపితే, అక్కడికి వచ్చిన గంటకల్లా తగ్గింది. ముందు రాత్రి ఛింగ్‌జింగ్‌లో పడుకుని వెళ్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

తరోకో లోయ పైన కొండ అంచు వెంట పోయే జ్వేలూ బాట గురించి చాలామంది చెబుతారు. నేను నడిచిన రోజుల్లో అది అద్భుతంగా ఉండేది. 2024 ఏప్రిల్ 3న వచ్చిన భూకంపంలో ఆ లోయ బాగా దెబ్బతిన్నది కాబట్టి, పాత ఫోటోలు చూసి టికెట్లు కొనకండి. ఏది తెరిచారో ముందు కనుక్కోండి. తైపేలోని ఏనుగు కొండ ఫోటోలకే. ఒక సాయంత్రానికి సరిపోతుంది.

సరంజామా విషయంలో ఒకటి రెండు మాటలు. అక్కడి పాతకాపులు చాలామంది ఖరీదైన బూట్లు వేసుకోరు. బురద బాటలకు మోకాలి కింది వరకు వచ్చే రబ్బరు బూట్లు వేసుకుంటారు. జలగల నుంచీ బురద నుంచీ అవే కాపాడతాయి. తాళ్లు పట్టుకునే చోట్లకు చేతి తొడుగులు కొనుక్కోండి. అవి మరొకందుకూ పనికొస్తాయి. దారి పక్కన ‘మనిషిని కరిచే పిల్లి’ అని పిలిచే మొక్క ఒకటి పెరుగుతుంది. వెడల్పాటి ఆకుల మీద సన్నని నూగు ఉంటుంది. జారిపడబోయి దాన్ని పట్టుకున్న రోజు, చిన్నప్పుడు దూలగొండి తగిలిన సంగతి గుర్తొచ్చింది, కాకపోతే ఇది మర్నాటి దాకా మండింది.

ఎత్తైన కొండలకు సాధారణంగా రెండు అనుమతులు కావాలి: ఉద్యానవనం ఇచ్చేది ఒకటి, పోలీసులు ఇచ్చే కొండప్రవేశ అనుమతి మరొకటి. రెండూ ఆన్‌లైన్‌లోనే వస్తాయి, కానీ రాత్రి బస దొరకడమే కష్టం. మీరు చేరేది సెప్టెంబరులో కాబట్టి, డిసెంబరు మొదటి పక్షానికి షుయెషాన్ దరఖాస్తులు ఎప్పటి నుంచి తీసుకుంటారో వెళ్లిన వారంలోనే చూసుకుని, తెరవగానే పెట్టండి. శని, ఆదివారాలు కాకుండా మంగళ, బుధవారాలు అడిగితే దొరికే అవకాశం ఎక్కువ. ఈలోగా అక్టోబరులో షీతౌషాన్ మీద కాళ్లు అలవాటు చేసుకుని, నవంబరులో ఒక ఆదివారం పొద్దున్నే ఫులుంగ్ రైలు ఎక్కండి, డబ్బా మూతకు రబ్బరు బ్యాండు వేసుకుని మరీ.