మళ్లీ రీస్టార్టా?

ప్రశ్న: నా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ పెట్టి ఒకసారి రీస్టార్ట్ చేస్తే, కాసేపటికే ఇంకోసారి అడుగుతుంది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా ఈ గోల ఎందుకు?

జవాబు: వాడకంలో ఉన్న సిస్టమ్ ఫైలును విండోస్ అప్పటికప్పుడు మార్చలేదు. కొత్త ఫైళ్లను పక్కన సిద్ధం చేసుకుని, ఆగేటప్పుడు కొంత, లేచేటప్పుడు కొంత మారుస్తుంది. అందుకే ఒక్క అప్‌డేట్‌కే తెర రెండు మూడుసార్లు ఆరి వెలగవచ్చు. అది మామూలే.

మిమ్మల్ని మాటిమాటికీ అడగడానికి కారణం తొందర అయ్యుండొచ్చు. నెలలో రెండో మంగళవారం వచ్చే క్యుములేటివ్ అప్‌డేట్ (పాత మార్పులనూ కలుపుకుని వచ్చేది), డాట్ నెట్ (కొన్ని ప్రోగ్రాములు నడవడానికి ఆధారం) అప్‌డేట్, డ్రైవర్లు (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) విడివిడిగా దిగుతాయి. ఒకటి పూర్తయి రీస్టార్ట్ బటన్ కనబడగానే నొక్కితే, సగంలో ఉన్నవి తర్వాతి విడతకు పోతాయి. విండోస్ అప్‌డేట్ పేజీలో డౌన్‌లోడింగ్, ఇన్‌స్టాలింగ్ అన్న మాటలు ఎక్కడా లేకుండా పోయేదాకా ఆగి, అప్పుడు నొక్కండి. లేచాక 'చెక్ ఫర్ అప్‌డేట్స్' ఇంకోసారి కొట్టి చూడండి. ఆప్షనల్ అప్‌డేట్స్‌లో కనబడే డ్రైవర్ల జోలికి మాత్రం, ఆ పరికరం మొరాయిస్తే తప్ప పోకండి.

ఇక షట్‌డౌన్ సంగతి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా కెర్నెల్, అంటే విండోస్ గుండెకాయ, నిజంగా ఆగదు. విండోస్ దాన్ని డిస్కులో దాచి, పొద్దున అదే లేపుతుంది. అందుకే షట్‌డౌన్ రీస్టార్ట్‌తో సమానం కాదు. అనుమానమైతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ కింద 'అప్ టైమ్' చూడండి. రాత్రి ఆపిన మెషీన్ పదకొండు రోజులుగా నడుస్తున్నట్టు చూపినా ఆశ్చర్యం లేదు. ఆ అంకె సున్నా నుంచి మొదలవ్వాలంటే రీస్టార్టే కొట్టాలి.

ప్రశ్న: అప్‌డేట్ 30 శాతం దగ్గర గంటసేపు ఆగిపోయి, చివరికి 'అన్‌డూయింగ్ చేంజెస్' అంటోంది. పవర్ ఆపేయవచ్చా?

జవాబు: డిస్కు లైటు మిణుకుతున్నంతసేపు ముట్టుకోకండి. పాత హార్డ్ డిస్కు అయితే రెండు గంటలు పట్టినా పట్టవచ్చు. శాతం అంకెకూ గడియారానికీ సంబంధం లేదు. ముఖ్యంగా చేసిన మార్పులను వెనక్కి తీసుకునే ఈ 'అన్‌డూయింగ్' దశలో పవర్ తీస్తే అసలు బూటే కాకపోయే ప్రమాదముంది.

లేచాక అప్‌డేట్ హిస్టరీలో ఎర్రర్ కోడ్ చూడండి. 0ఎక్స్80070070 అయితే డిస్కులో చోటు చాలలేదని అర్థం. సెట్టింగ్స్‌లోని స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్ తీసేసి, 20 జీబీ దాకా ఖాళీ చేయండి. అదే జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డరూ ఉంటుంది, దానికి టిక్ పెట్టేముందు చూసుకోండి!

చోటు ఉన్నా ఆగుతుంటే యూఎస్‌బీ డ్రైవులు పీకేసి, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు 'డిజమ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రీస్టోర్‌హెల్త్' (DISM /Online /Cleanup-Image /RestoreHealth), తర్వాత 'ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ' (sfc /scannow) నడపండి. వరుస తిరగేయకండి. రెండో కమాండ్ పాడైన సిస్టమ్ ఫైళ్లకు బదులు మంచివి ఒక నిల్వ నుంచి తెచ్చుకుంటుంది, ఆ నిల్వను బాగుచేసేది మొదటి కమాండే. అది ఒకే అంకె దగ్గర చాలాసేపు నిలబడిపోతుంది, విండో మూసేయకండి.

ప్రశ్న: పని మధ్యలో తనంతట తాను రీస్టార్ట్ కాకుండా ఆపేదెలా?

జవాబు: విండోస్ అప్‌డేట్ పేజీలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో 'యాక్టివ్ అవర్స్', అంటే మీరు పనిచేసే వేళలు, మీరే పెట్టుకోండి, గరిష్ఠంగా 18 గంటలు. ఆ వేళల్లో అది తనంతట తాను రీస్టార్ట్ కాదు. రీస్టార్ట్ అవసరమైనప్పుడు చెప్పమనే స్విచ్ కూడా అక్కడే ఉంది. అప్‌డేట్ సర్వీసునే ఆపేయమనే చిట్కాలు మాత్రం వద్దు. భద్రతా లోపాలు పూడకుండా ఉండిపోతాయి.

ప్రశ్న: లైనక్స్‌కు రీస్టార్ట్ అక్కర్లేదంటారు, నిజమేనా?

జవాబు: సగం నిజం. అక్కడ వాడకంలో ఉన్న ఫైలును కూడా మార్చవచ్చు. కానీ అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ పాత ప్రతినే పట్టుకుని ఉంటుంది, దాన్ని మూసి తెరవాలి. కెర్నెల్ మారితే మామూలుగా రీబూట్ చేయాల్సిందే. లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో '/వార్/రన్/రీబూట్-రిక్వైర్డ్' (/var/run/reboot-required) అనే ఫైలు కనబడితే ఆ అవసరం పడిందన్నమాట.