డాలస్‌లో మా పెరట్లోకి హమ్మింగ్‌బర్డ్స్ రావాలంటే ఏం చేయాలి?

ముందు ఫీడర్ (ఈ చిన్న పిట్టలు తీపి నీళ్లు తాగడానికి వేలాడదీసే పాత్ర) నీళ్ల సంగతి, ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. ఒక కప్పు మామూలు తెల్ల పంచదార, నాలుగు కప్పుల నీళ్లు. కరిగించి చల్లారాక పోయండి, అంతే. తేనె మంచిదే కదా అని మనవాళ్లు కలుపుతుంటారు. దయచేసి వద్దు, అది త్వరగా పులిసి బూజు పడుతుంది. బెల్లం, బ్రౌన్ షుగర్, ఎర్ర రంగు కూడా వద్దు. ఫీడర్ ఎర్రగా ఉంటే చాలు.

టెక్సస్ ఎండల్లో ఆ నీళ్లు రెండు రోజులకే మసకబారతాయి. మసక కనిపించిందంటే పారబోసి, వేడినీళ్లతో బ్రష్ పెట్టి కడిగి మళ్లీ నింపాలి. అంత ఓపిక లేకపోతే ఫీడర్ మానేసి మొక్కలు పెట్టడమే మేలు.

మొక్కల్లో నా ఓటు టర్క్స్ క్యాప్‌కి. మన ముద్దమందారానికి చుట్టం, పువ్వు మాత్రం పూర్తిగా విచ్చుకోదు. నీడలోనూ పూస్తుంది. కోరల్ హనీసకిల్, ఎర్ర సాల్వియా కూడా బాగుంటాయి.

పురుగుమందు కొట్టకండి. ఈ పిట్టలు తమ పిల్లలకు ఎక్కువగా పెట్టేది చిన్న చిన్న దోమల్లాంటి పురుగులు, సాలీళ్లే. గూడు అల్లడానికి కూడా సాలెగూటి దారం వాడతాయి.

మార్చి మధ్యకల్లా ఫీడర్ వేలాడదీయండి. మూడు గ్రాముల రూబీ త్రోటెడ్ (ఒక రకం హమ్మింగ్‌బర్డ్) మగపిట్ట రెండోదాన్ని దగ్గరికి రానివ్వదు, తరిమి తరిమి కొడుతుంది. అందుకే రెండో ఫీడర్ ఇంటికి అవతలి వైపు, దానికి కనపడనిచోట పెట్టండి.