ఓబిదుష్ చిహ్నంలో వల ఎందుకుంది?

పోర్చుగల్‌లో చిన్న ఊళ్లకు కూడా సొంత జెండా, చిహ్నం ఉంటాయా, ఓబిదుష్ చిహ్నంలో వల ఎందుకుంది అని అడిగారు. పల్లెలకూ ఉంటాయి. లిస్బన్‌లో చదువుకునే రోజుల్లో సెలవు దొరికితే ఏదో ఒక ఊరికి బస్సెక్కేవాణ్ని. ఎక్కడికి వెళ్లినా ముందు పురపాలక భవనం మీది జెండా కోసం వెతికేవాణ్ని.

చిహ్నంలోని డాలు పైనున్న కోటగోడ ఆకారపు కిరీటంలో బురుజులు లెక్కపెట్టండి. మూడుంటే పల్లె, నాలుగుంటే పట్టణం, ఐదుంటే నగరం. అందరిదీ వెండి కిరీటమే, లిస్బన్‌ది మాత్రం బంగారం. 1930లో ఏర్పడిన ఈ పద్ధతిని 1991 నాటి చట్టం కొనసాగించింది. ఇక్కడ జనాభా కంటే హోదా ముఖ్యం. సింత్రా ఎంత పెద్దదైనా ఇప్పటికీ పట్టణమే. ప్రాకారం లోపల ఇరుకు వీధులతో ఒదిగి ఉన్న ఓబిదుష్‌దీ అదే హోదా.

ఇక వల. దాని వెనుక కథ తెలిశాక ఆ జెండాను మామూలుగా చూడలేకపోయాను. ఓబిదుష్ తరతరాలుగా పోర్చుగల్ రాణుల సొత్తు. రెండో జువావ్ రాజు భార్య లియొనోర్‌కు ఒక్కడే కొడుకు, యువరాజు అఫోన్సు. 1491లో సంతరేం దగ్గర తేజు నది ఒడ్డున గుర్రం మీద నుంచి పడి, పదహారేళ్ల వయసులో చనిపోయాడు. అతణ్ని జాలరులు తమ వలలో మోసుకొచ్చారని చెబుతారు. ఆ తర్వాత రాణి రొయ్యల వలను తన చిహ్నంగా చేసుకుంది, తన ఊరికీ ఇచ్చింది. రాజులు సింహాలనూ గద్దలనూ కోరుకునే కాలంలో ఒక తల్లి పేద జాలరుల పనిముట్టును ఎంచుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. వారసుడు లేక సింహాసనం చివరికి రాణి తమ్ముడు మనుయెల్‌కు దక్కింది. వాస్కోడగామాను మన దేశానికి పంపిన రాజు అతనే.

మీరు వెళ్తే సాంత మరియ చర్చి దగ్గరున్న రాతి స్తంభాన్ని తప్పక చూడండి. ఒకప్పుడు నేరస్థులను కట్టి నిలబెట్టిన ఆ స్తంభం మీద కూడా ఈ వల చెక్కి ఉంది. వీలైతే పక్కనే ఉన్న కాల్దష్ ద రయిన్యకూ వెళ్లండి. వేడినీటి బుగ్గల దగ్గర లియొనోర్ ఆసుపత్రి కట్టించగా పెరిగిన ఊరది. దాని చిహ్నంలో రాణి వలతో పాటు, ఆమె భర్త జువావ్ రాజు చిహ్నమైన పెలికాన్ పక్షీ ఉంటుంది. అది నగరం కాబట్టి అక్కడ బురుజులు ఐదు.