ఆఖరున మిగిలే పిల్లలు

తల్లీ,

హైస్కూల్లో పీఈటీగా చేరావని తమ్ముడు చెప్పాడు, చాలా సంతోషం. అండర్-14 జట్టును ఎలా తయారుచెయ్యాలని అడిగావట. అది నీకు బాగానే నేర్పి ఉంటారు. ఆ జట్టులోకి రాని మిగతా పిల్లల గురించి చెబుతాను.

ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి "మీవాళ్లను కోరుకోండి" అనకు. ఎనిమిదో తరగతి పిల్ల అందరి ముందూ ఆఖరున మిగిలిపోతే, తర్వాత సరిగ్గా గేమ్స్ పీరియడ్‌కే కడుపునొప్పి వస్తుంది. పైగా కోరుకునేవాళ్లు ఆటొక్కటే చూడరు. స్నేహాలూ వీధులూ కులాలూ చూస్తారు. జట్లు నువ్వే వెయ్యి, వారం వారం మార్చు.

కబడ్డీలో ఔటైనవాడు మళ్లీ రావాలంటే అవతలివాడు ఔటవ్వాలి. పోటీలో అది న్యాయమే. క్లాసులో మాత్రం ఆట రానివాడే ముందు ఔటై, గీత బయట ఎక్కువసేపు కూర్చుంటాడు. అందుకని రెండు కూతలయ్యాక లోపలికి వచ్చేయమను.

కలిసి ఆడటం నేర్పాలంటే నా ఓటు ఖోఖోకే. 8 మంది అటొకరు ఇటొకరు తిరిగి కూర్చుంటారు, తొమ్మిదోవాడు తరుముతాడు. వాడు మధ్య గీత దాటకూడదు, పట్టిన దిశ మార్చకూడదు. ఎంత పరుగువీరుడైనా ఖో ఇవ్వక తప్పదు. కాసేపు పక్కన నిలబడి చూడు. కొందరు తమ స్నేహితులకే ఖో ఇస్తారు. మధ్యలో ఒక పిల్ల వేళ్లు నేలకానించి, మడమలెత్తి, లేవడానికి సిద్ధంగా ఉంటుంది. ఆమె వీపు మీద ఎవరి చెయ్యీ పడదు. తిట్టకు. "అందరికీ ఒక్కో ఖో అందాకే పాయింట్లు" అను, వాళ్లే సర్దుకుంటారు.

ఆలస్యంగా వచ్చారని గ్రౌండ్ చుట్టూ తిప్పకు. పరుగును శిక్ష చేస్తే జీవితాంతం దాన్ని తప్పించుకునే తిరుగుతారు. లాంగ్ జంప్‌లో ఎవరి దూరం వాళ్ల నోటుబుక్కులోనే రాసుకోమని, పోయిన నెల అంకెతోనే పోల్చు. నాలుగు అంగుళాలు పెరిగినా ఆ మొహం వెలిగిపోతుంది.

ఆడపిల్ల ఆడలేనంటే కారణం అందరిలో అడగకు. విజిలో స్కోరు పుస్తకమో చేతికివ్వు, ఆటలోనే ఉంటుంది.

పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టారు నీ పీరియడ్ అడుగుతారు. మర్యాదగానే కాదను. అవసరమైతే హెడ్మాస్టర్ గారి దగ్గరికి వెళ్లు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజూ సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పదో తరగతి టెన్షన్‌లో ఉన్నవాళ్ల పీరియడ్ అయితే అసలే వదులుకోకు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న