అడ్మిషన్ ఫారంలో మీరు దేనికి సంతకం పెట్టారు?

ప్రశ్న: ఇంట్లో మేం ఏ మతమూ పాటించం. దగ్గరలో ఉందని పాపను ఒక మత సంస్థ నడిపే ప్రైవేటు స్కూల్లో చేర్చాం. ఇప్పుడు మూడో తరగతి. రోజూ ప్రార్థన, వారానికోసారి ఆరాధన ఉంటాయి. ఎనిమిది నెలల కిందట చేతులు జోడించలేదని టీచర్ పీరియడంతా బయట నిలబెట్టారు. అప్పటి నుంచి పాపకు స్కూలంటే భయం, మాకు టెన్షన్. అన్ని మతాల కథలున్న నీతి పుస్తకం కూడా చదివిస్తున్నారు. మా మనోభావాలు దెబ్బతీశారని పోలీసు కేసు పెట్టమని మిత్రులంటున్నారు. పాప చేత చెప్పించి వీడియో కూడా తీశాం. ఏం చేయాలి? – ఒక తండ్రి, ఏలూరు

జవాబు: మీరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. కేసును తేల్చే విషయం మాత్రం అందులో లేదు. అడ్మిషన్ ఫారంలో మత కార్యక్రమాలకు సమ్మతిస్తున్నట్టు ఏమైనా ఉందా? స్కూలు ఏ మతానిదైనా నా జవాబు ఇదే కాబట్టి ఆ మతం పేరు ఇక్కడ తీసేశాను.

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే స్కూల్లో మతబోధ కుదరదని రాజ్యాంగం 28వ అధికరణం మొదటి క్లాజు చెబుతుంది. మీది ప్రైవేటు స్కూలు, మీకు వర్తించేది మూడో క్లాజు. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న స్కూల్లో చదివే మైనరు మతబోధలోనో ఆరాధనలోనో పాల్గొనాలంటే సంరక్షకుడి సమ్మతి ఉండాలి. స్కూలు ప్రార్థన పెట్టుకోవచ్చు. మీ సమ్మతి లేకుండా పాపను అందులో నిలబెట్టకూడదు.

‘చూపించిన చోటల్లా సంతకం పెట్టాను’ అని ఉత్తరంలో రాశారు. ఫీజు తగ్గించమని మూడుసార్లు తిరిగిన మీరు ఒక్కసారైనా ఆ కాగితం చదవాల్సింది. ఇది చిన్న నిర్లక్ష్యం కాదు. ఎనిమిదేళ్ల పిల్ల కాదనలేదు కనుకే ఆ హక్కును రాజ్యాంగం మీ చేతిలో పెట్టింది.

ఒకవేళ సమ్మతి ఇచ్చి ఉన్నా దారి మూసుకుపోలేదు. ఒకసారి ఇస్తే అది శాశ్వతమని ఆ అధికరణంలో ఎక్కడా లేదు. రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చన్నది నా అభిప్రాయం.

నీతి పుస్తకం సంగతి వదిలేయండి. వివిధ మతాల గురించి చదువుకోవడం వేరు, మతబోధ వేరు అని అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. పక్కింటివాళ్లు రంజాన్ ఉపవాసం ఎందుకుంటారో, క్రిస్మస్ ఎందుకు చేస్తారో, ఊళ్లో జాతర ఎందుకు జరుగుతుందో పాప తెలుసుకోవాలి. ఏ మతమూ లేని ఇంట్లో పెరిగే పిల్లకు అది మరీ అవసరం.

బయట నిలబెట్టడం మాత్రం వదిలే విషయం కాదు. కేరళలో ముగ్గురు పిల్లలు తమ విశ్వాసం కారణంగా జాతీయగీతం పాడకుండా గౌరవంగా లేచి నిలబడ్డారు. స్కూలు వాళ్లను తీసేసింది. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ప్రార్థన వేళ అక్కడే ఉండాల్సి వస్తే మీ పాప కూడా అల్లరి చేయకుండా మౌనంగా నిలబడితే చాలు. పిల్లలను మానసికంగా వేధించకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. అయితే స్కూలుకు మైనారిటీ హోదా ఉందేమో ముందు కనుక్కోండి. ఆ హోదా ఉన్న స్కూళ్లకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 28వ అధికరణం మాత్రం అప్పుడూ వర్తిస్తుంది.

పోలీసు కేసు జోలికి పోవద్దు. మత మనోభావాలు దెబ్బతీయడం నేరమనే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 299వ సెక్షన్ కింద ఉద్దేశపూర్వకమైన దురుద్దేశం రుజువు కావాలి. క్రమశిక్షణ కోసం బయటికి పంపామని టీచర్ అంటే మీ దగ్గర సమాధానం లేదు. లేనివి కల్పించి ఫిర్యాదు చేస్తే ఎదురు కేసు మీ మీదికే వస్తుంది. ఆ వీడియో ఎవరికీ పంపకండి. నేర్పించి చెప్పించారని తేలిన క్షణం పాప నిజంగా పడ్డ బాధను కూడా ఎవరూ నమ్మరు. గ్రూపుల్లో తిరిగితే ఆ పసిదాని ముఖం ఊరంతా చూస్తుంది.

ఎనిమిది నెలలు ఊరుకోవడం మీ రెండో తప్పు. హైకోర్టులో రిట్‌కు (హక్కుల కోసం నేరుగా వేసే పిటిషన్‌కు) నిర్ణీత గడువు లేకపోయినా, ఇన్నాళ్లు ఏం చేశారని జడ్జి అడుగుతారు. ఆనాటి సీసీ కెమెరా రికార్డు చాలావరకు చెరిగిపోయే ఉంటుంది. అయినా ఉంటే భద్రపరచమని రాయండి. స్కూలు డైరీ, టీచర్‌తో నడిచిన వాట్సాప్ మెసేజ్‌లు, పాపను డాక్టరుకు చూపించి ఉంటే ఆ చీటీ జాగ్రత్త చేయండి. మెసేజ్‌లున్న ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్ల ప్రింట్లు కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి.

ఈ వారమే హెడ్మాస్టర్‌కు ఉత్తరం ఇవ్వండి. అడ్మిషన్ ఫారం కాపీ అడగండి. ప్రార్థనకు, ఆరాధనకు సమ్మతి లేదని, గతంలో ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకుంటున్నానని, ఆ సమయంలో పాపను లైబ్రరీలో కూర్చోబెట్టమని రాయండి. కోపం మాటలు వద్దు. కాపీ మీద సంతకం, తేదీ వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పది రోజుల్లో కదలిక లేకపోతే ఎంఈవోకు, డీఈవోకు, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయండి. విద్యాహక్కు చట్టం వర్తించే స్కూలైతే 32వ సెక్షన్ కింద స్థానిక అధికారి మూడు నెలల్లో తేల్చాలి. అక్కడా పని కాకపోతే విద్యాశాఖనూ స్కూలునూ ప్రతివాదులుగా చేర్చి రిట్ వేయొచ్చు. అప్పటిదాకా పాపను బడి మాన్పించకండి, టీసీ తీసుకోకండి. ఫారం కాపీ చేతికి రాగానే దగ్గర్లోని న్యాయవాదికి చూపించండి.