రెట్ట పల్చబడితే విరేచనమేనా? పెంపుడు పక్షులపై మీ ప్రశ్నలు

ప్రశ్న: మా ఇంట్ల రెండు లవ్ బర్డ్స్ ఉన్నయి. నాలుగు దినాల సంది ఒకదాని రెట్ట నీళ్లలెక్క పడుతున్నది. పిల్లలకు విరేచనాలప్పుడు తాపే మందు రెండు చుక్కలు నీళ్లల్ల కలపమని పక్కింటోళ్లు చెప్తున్నరు. కలపొచ్చా?
– ఒక గృహిణి, నల్లగొండ

జవాబు: కలపకండి. అసలది విరేచనమో కాదో ముందు తేలాలి. పక్షికి మలమూత్రాలు, గుడ్డు అన్నీ తోక కింది ఒక్క ద్వారం నుంచే వస్తాయి. అందుకే ప్రతి రెట్టలో మూడు భాగాలుంటాయి. ముదురాకుపచ్చగానో గోధుమ రంగులోనో చుట్టలా ఉండేది మలం. దాని మీద సున్నపు బొట్టులా తెల్లగా ఉండేవి యూరేట్లు, అంటే మూత్రపిండాలు బయటికి పంపే యూరిక్ ఆమ్లం. చుట్టూ కాగితంలోకి ఇంకిపోయే తేట నీరు మూత్రం.

చుట్ట గట్టిగానే ఉండి తడి మరక మాత్రం పెద్దదైతే మూత్రం ఎక్కువైందన్నమాట. చుట్టే కట్టకుండా తెల్లదానితో కలిసి జావలా పడితేనే విరేచనం. మాకు వచ్చే ‘నీళ్ల విరేచనాల’ ఉత్తరాల్లో చాలావరకు మొదటి రకమే. మీ జిల్లాలో బత్తాయికి కొదవ లేదు, ఎండాకాలం పుచ్చకాయ సరేసరి. ఇవి గానీ కడిగిన తడి ఆకుకూర గానీ పెట్టిన పూట రెట్ట పల్చబడుతుంది. ఎండకు నీళ్లు ఎక్కువ తాగినా, పిల్లిని చూసి బెదిరినా అంతే.

ఒక రోజు పండ్లు, ఆకులు ఆపి కొర్రలు, మంచినీళ్లు మాత్రమే పెట్టండి. మర్నాటికి మరక చిన్నదైతే కారణం మేతే. తగ్గకపోగా నీళ్ల గిన్నె త్వరత్వరగా ఖాళీ అవుతుంటే మూత్రపిండాల జబ్బు, మధుమేహం, లోహ విషం లాంటివి అనుమానించాలి. పంజరం తీగకు జింక్ పూత పొరలుగా లేస్తోందా, పాత పెయింటు ఉందా, పక్షి వాటిని నములుతోందా చూడండి.

ఇక మందు సంగతి. 35 గ్రాముల పక్షి రోజంతా తాగేది టీస్పూను అటూ ఇటూ. అందులో ఎంత మందు లోపలికి పోయిందో ఎవరూ చెప్పలేరు. రుచి నచ్చకపోతే నీళ్లే మానేస్తుంది. మనుషుల విరేచనాల మందుల్లో కొన్ని పేగు కదలికనే ఆపేస్తాయి, ఆ చిన్న ప్రాణానికి అది మరీ ప్రమాదం.

ప్రశ్న: రెట్టలో తెల్లగా ఉండాల్సింది పసుపుపచ్చగా ఉంటోంది. పాలకూర పెట్టినందుకేనా?
– ఒక విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: పాలకూర ప్రభావం కనిపించాల్సింది చుట్ట మీద. బీట్‌రూట్ తింటే ఎర్రగా, రంగు పెల్లెట్లు (గుళికల మేత) తింటే ఆ రంగులో రెట్ట పడుతుంది, కంగారు అక్కర్లేదు. తెల్ల భాగం రంగు మారడం అలా కాదు. అయితే పాత రెట్ట చూసి తేల్చకండి, కాసేపు ఉంటే చుట్టలోని పచ్చదనం తెల్లదాంట్లోకి దిగుతుంది. అప్పుడే పడిన రెట్టలో కూడా పసుపో ఆకుపచ్చో ఉంటే కాలేయానికి దెబ్బ తగిలిందని అనుమానించాలి. చిలుక జాతి పక్షుల్లో సిట్టకోసిస్ వల్ల ఇలా కావచ్చు. ఇది క్లమీడియా సిట్టాసి అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది, ఎండిన రెట్ట దుమ్ము పీలిస్తే మనుషులకూ సోకుతుంది. ట్రే కాగితాన్ని నీళ్లతో తడిపి, మాస్కు పెట్టుకుని తీయండి. పొడిగా ఉండగా చీపురు తగలనివ్వొద్దు. ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు వస్తే పక్షులున్న సంగతి డాక్టరుకు చెప్పండి.

పక్షికి సిట్టకోసిస్ అయితే సాధారణంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 45 రోజులు వాడతారు. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. పక్షులు కొరకడానికి పంజరంలో పెట్టే సముద్రపు నురుగు (కటిల్ బోన్)లోని కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు, కాబట్టి వాడినన్నాళ్లూ పంజరంలోంచి తీసేయమంటారు. డాక్టరు చూడకుండా మీరే కొని వేయకండి.

ప్రశ్న: మా లవ్ బర్డ్ రోజంతా తింటూనే ఉంటది, కానీ చిక్కిపోతున్నది. రెట్టల కొర్రలు కొర్రలుగనే కనిపిస్తున్నయి.
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఆలస్యం చేయొద్దు. గింజలు అరగకుండా బయటపడుతుంటే లవ్ బర్డ్స్‌లో తరచూ కారణం మాక్రోరాబ్డస్ అనే జీర్ణకోశపు ఈస్ట్. తాజా రెట్టను మైక్రోస్కోపు కింద చూస్తే పొడవాటి కడ్డీల్లా కనిపిస్తుంది. ఒకసారి కనిపించకపోతే లేదని కాదు, రోజు మార్చి రోజు రెట్ట చూపించాలి. ఇది బ్యాక్టీరియా కాదు కాబట్టి మామూలు యాంటీబయాటిక్ పని చేయదు. ఆంఫోటెరిసిన్-బి లాంటి ఫంగస్ మందు నోటి ద్వారా ఇస్తారు.

అసలు తింటోందా లేదా అన్నదీ చూడండి. గిన్నె నిండుగా కనిపిస్తుంది గానీ పైనున్నదంతా పొట్టే కావచ్చు. ఊదితే తెలుస్తుంది. కొన్ని పక్షులు గింజను నోట్లో తిప్పి, నలిపి పడేస్తూ తింటున్నట్టే నటిస్తాయి. ఒక గ్రాము తేడా చూపే వంటింటి త్రాసుపై రోజూ పొద్దున మేతకు ముందు తూచండి. 35 గ్రాముల పక్షి 31కి వచ్చిందంటే పదో వంతుకు పైగా బరువు పోయినట్టే. రొమ్ము ఎముక కత్తి అంచులా వేలికి తగిలితే ఆ రోజే దవాఖానకు పోవాలి.

ప్రశ్న: పావురాలు పచ్చటి నీళ్ల రెట్ట వేస్తున్నయి. రెంటికి మెడ తిరిగిపోతున్నది.
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: ఇది పావురాల పారామిక్సో వైరస్ కావచ్చు, కోళ్ల కొక్కెర తెగులుకు దగ్గరి చుట్టం. నేరుగా వైరస్‌ను చంపే మందు లేదు. జబ్బువాటిని వెంటనే విడదీయండి, కొత్తవి తేవడం ఆపండి, పెరటి కోళ్లను ఆ పక్కకు రానివ్వకండి. గింజను పొడవలేక ఆకలికి పోయే పావురాలే ఎక్కువ. లోతు గిన్నెలో మేత పెట్టి, అవసరమైతే చేత్తో తినిపిస్తే కొన్ని వారాల్లో చాలా వరకు తేరుకుంటాయి. మెడ వంకర కొన్నిటికి ఉండిపోతుంది.

ప్రశ్న: పక్షి డాక్టరు మాకు దూరం. రెట్ట ఎట్ల తీసుకపోవాలె?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ముందురోజు ట్రేలో ఇసుక, రంపపు పొట్టు తీసేసి తెల్ల కాగితం పరవండి. 24 గంటల్లో ఎన్ని రెట్టలు పడ్డాయో లెక్క రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న లవ్ బర్డ్ నలభై దాకా వేస్తుంది. సంఖ్య సగానికి పడిపోయి, చిన్నగా నల్లపచ్చగా ఉంటే మేత ముట్టడం లేదని అర్థం. తారులా నల్లగా, జిగటగా ఉంటే పైపేగుల్లో రక్తం పోతోందని అనుమానం. ఎర్రటి రక్తం కనిపించి, ఆడపక్షి తోక ఊపుతూ ముక్కుతుంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు, అప్పుడు లెక్కలతో పని లేదు, బయల్దేరాలి.

పొద్దున మొదటి రెట్ట రాత్రంతా ఆపుకున్నది కాబట్టి పెద్దగా ఉంటుంది, గుడ్లు పొదిగే ఆడపక్షిదీ అంతే. దాన్ని చూసి బెంబేలెత్తొద్దు. బయల్దేరే ముందు పడిన రెండు మూడు రెట్టలను పాలిథిన్ ముక్క మీద పట్టి, మూత బిగుతుగా ఉన్న చిన్న డబ్బాలో పెట్టండి. కాగితం మీదున్నది తీసుకెళ్తే నీరంతా ఇంకిపోతుంది. డబ్బాను బండి డిక్కీలో పెట్టకండి, ఎండకు ఎండిపోతే పరీక్షకు పనికిరాదు.