ఎడారిలో పగలు మంట, రాత్రి చలి: విశిష్టోష్ణమే కారణమా?

అవును, కానీ అది సగం సమాధానమే. విశిష్టోష్ణం అంటే ఒక గ్రాము పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి.

ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కాలంటే దాదాపు 4.18 జౌల్స్ కావాలి. పొడి ఇసుకకు 0.8 చాలు. చెన్నైలో ఉండేవాళ్లకు ఇది తెలిసిన సంగతే: మే మధ్యాహ్నం మెరీనా ఇసుకలో కాలు పెట్టలేం, పక్కనే అలల్లో దిగితే హాయి. ఎండ రెండింటికీ ఒకటే. పైగా పొడి ఇసుక వేడిని లోపలికి పోనివ్వదు. పైపొరే కాగుతుంది, రాత్రి అదే త్వరగా చల్లారుతుంది.

మరి చెన్నై రాత్రులకు ఆ చలి ఎందుకు రాదు? పక్కన సముద్రం, గాలిలో తేమ. నేల వదిలే పరారుణ కిరణాలను (కంటికి కనిపించని వేడి కిరణాలను) నీటి ఆవిరి పీల్చుకుని, కొంత తిరిగి కిందికే పంపుతుంది. థార్ ఎడారిలో గాలి పొడి, మబ్బులు అరుదు. వేడి నేరుగా పైకి పోతుంది. నా దృష్టిలో అసలు పెద్ద కారణం ఇదే.